నాలుగో వంతు రొట్టె

తెల్లారకముందే ఉల్లి చేనుకు కూలికి పోయే కోసిగి మార్తమ్మ ఏనాడూ బడి మెట్లెక్కలేదు. సాయంత్రం జొన్నరొట్టె తడుతూ, ఐదో తరగతి చదివే కూతురు రూతును అడుగుతుంది: "ఈ పొద్దు ఏం సెప్పినారు అమ్మీ?" మొక్కల వేర్లు, జిల్లా పటం, భిన్నాలు, రూతు ఏది చెప్పినా పెదవులు కదుపుతూ వల్లించుకుంటుంది. రొట్టెను నాలుగు ముక్కలు చేసి, "ఇది నాలుగో వంతు గదా?" అని మురుస్తుంది.

ఆ రోజు ముక్క అందుకున్న రూతు వేళ్ల నిండా సన్నటి గీరలు. ఎండిన పత్తికాయ మొనలు గీరిన గుర్తులవి. ఏటా మార్తమ్మ వేళ్లకూ పడేవే.

"బడికి పోతాండావా?"

రూతు పొయ్యి పక్కన కూర్చున్న తండ్రి సామ్సన్ వైపు చూసింది. "పది దినాల నుంచి నాయన పత్తి తీయను పిల్సుకపోతాండాడు. నీకు సెప్పొద్దన్నాడు."

"మరి ఆ పాఠాలు?"

"పుస్తకంలో సూసి సెప్పినా."

పెనం మీది రొట్టెను మార్తమ్మ ఈసారి నాలుగు ముక్కలు చేయకుండా, మొత్తంగా సామ్సన్ ముందు పెట్టి, చేతులు కడుక్కుంది.