ఇప్ప సంచుల మీద కొత్త మ్యాట్

డిప్లొమా చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో, నంబర్లు వేసి కాగితం మీద రాస్తే ఏ పనైనా సగం పూర్తయినట్టేనని నా గట్టి నమ్మకం. (తలకు నూనె రాసుకోవడానికి కూడా నా దగ్గర నాలుగు దశల పద్ధతి ఉండేది.) మెకానికల్ చదివిన మేనల్లుడు ఊరికే కూర్చున్నాడని తెలిసి, జూలూరుపాడులో ఉండే మా మేనమామ కబురు పెట్టాడు. కిరాయికి తిప్పడానికి ఆయన గుండ్రటి వీపున్న పాత తెల్ల కారొకటి కొన్నాడు. ఇంజను బాగానే ఉంది కానీ, వెనక కూర్చుంటే సీటులో స్ప్రింగులెన్నో చూడకుండానే చెప్పవచ్చు. "ఆదివారం పాస్టరయ్య వచ్చి బండికి ప్రార్థన చేస్తడు. గప్పటికి లోపలంత కొత్తగ గావాలె అల్లుడూ. పైసలు మాత్రం అడగకు," అన్నాడు మామ.

ఈ ప్రార్థన వెనక ఒక సంగతి ఉంది. మామ ఒకప్పుడు బాగా తాగేవాడు. మానేసి రెండేళ్లయింది. "మళ్ల ఒక్కసారి వాసనొచ్చిందంటే మా అమ్మగారింటికి పోత, ఇగ రాను," అని అత్త అప్పుడే చెప్పేసింది. ఆమె భరోసా ఇచ్చింది కనుకనే పాస్టరయ్య సంఘం వాళ్ల ప్రయాణాలన్నీ మామ కారుకే ఇప్పిస్తానన్నాడు.

నా జాబితాలో పదిహేడు అంశాలు తేలాయి. అత్త పాత చీరలతో సీటు కవర్లు కుట్టించాను, స్టీరింగుకు సైకిల్ ట్యూబు చుట్టాను, డ్యాష్‌బోర్డుకు కొబ్బరినూనె పట్టించాను (మెరుపు వచ్చింది, దాని వెంటే ఊళ్లో ఈగలూ వచ్చాయి). పదకొండో అంశం 'అడుగున వేడినీ శబ్దాన్నీ ఆపే పొర'. దానికి గోనెసంచులు చాలనుకుని సంతకు పోయాను. అడవి ఊరి నుంచి వచ్చి ఇప్పపువ్వు అమ్ముతున్న ఒక అవ్వ, ఆ పువ్వు తెచ్చిన ఆరు ఖాళీ సంచులిచ్చింది. "మంచిగ ఉతికి రెండు దినాలు ఎండబెట్టు బిడ్డా, లేకుంటే పులుస్తయ్," అంది.

"నేను ఇంజనీరింగ్ చదివిన అవ్వా."

"అవ్ గానీ, మీ చదువుల ఇప్పపువ్వు సంగతి గూడ చెప్తరా?"

(సిలబస్‌లో లేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.) సంచుల్ని బోరింగు కింద తడిపి, ఒక పూట ఆరేసి, కారులో పరిచాను. పైన రబ్బరు మ్యాట్ వేసి అంచులకు జిగురు పట్టించాను. దుమ్ము పడకుండా అద్దాలన్నీ బిగించి శనివారమంతా ఎండలో ఉంచాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య వచ్చాడు. మామ తెల్లచొక్కా వేసుకుని అత్త కోసం తలుపు తీశాడు. అత్త ఒక కాలు లోపల పెట్టి వెంటనే బయటికి తీసుకుంది. తియ్యగా, పుల్లగా, వెచ్చగా ఒక వాసన బయటికొచ్చింది. మా వైపు పుట్టినవాళ్లు దాన్ని నిద్రలోనైనా గుర్తుపడతారు.

"ఏందయ్యా ఇది?" అంది అత్త.

"ఏంది?"

"నన్నడుగుతవేంది. సారా వాసన."

"నేను ముట్టలే."

"మరి కారు తాగిందా?"

పాస్టరయ్య బైబిలు అట్టను శ్రద్ధగా చూడసాగాడు. "ఊదు," అంది అత్త. ఆయన ముందే, సగం వీధి ముందే, మామ వంగి ఊదాడు. అత్త కళ్లు మూసుకుని పరీక్షించింది. "నోట్ల లేదు. అంటే బండ్ల సీసా దాచినవ్," అని ఇంట్లోకి నడిచి, దండెం మీది చీరలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఏమన్నా ఎవరూ నమ్మరని తెలిసినవాడిలా మామ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

అప్పటికి నా జాబితాలో పదిహేడుకు పదిహేడూ టిక్కులు పడ్డాయి. ఆ కాగితాన్ని జేబులో కుక్కుకుని, "అత్తమ్మా, సీసా లేదు. సంచులున్నయ్," అన్నాను. మ్యాట్ లాగితే రాలేదు (జిగురు పని మాత్రం నిజంగా బాగా చేశాను). మామ ఒక తలుపులోంచి, నేను ఇంకో తలుపులోంచి దూరి లాగితే, చివరికది చిరిగి ఊడివచ్చింది. అడుగున ఆరు సంచులు, బుడగలు బుడగలుగా.

పాస్టరయ్య వంగి వాసన చూశాడు. "ఇప్పపువ్వేనమ్మా, పులిసి సారా వాసనొస్తున్నది. మీ ఆయన తప్పేం లేదు. పాపం, బండి తప్పు గూడ లేదు," అన్నాడు. (నా గురించి ఏమీ అనలేదు.) నాలుగు తలుపులూ తెరిపించి, పది అడుగుల దూరంలో నిలబడి, చిన్న ప్రార్థన చేశాడు. అత్త చీరలు మళ్లీ దండెం మీద వేసింది.

మరునాడు మామ నన్ను ఆ కారులోనే కారేపల్లి రైలుకు దింపాడు. అడుగున పొరేమీ లేదు కనుక ఇంజను మోత చెవులు పగలగొడుతోంది. దాని మీదుగా ఆయన అరిచి చెప్పాడు: "రెండేండ్ల సంది రోజు, నేను ఇంటికి రాంగనే మీ అత్త ఎదురొచ్చి ఏదో ఒకటి అడుగుతది. వాసన కోసమేనని నాకెరుకే. రాత్రి రాలే. లోపల్నుంచే కాళ్లు కడుక్కోని రా, అన్నం పెడ్త అన్నది. గంతే."

ఇప్పుడు ఇతరుల పని తనిఖీ చేసి సంతకం పెట్టడమే నా ఉద్యోగం. అప్పుడప్పుడు పెన్ను తీస్తుండగా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, తడి సంచుల మీద మోకాళ్లూని మ్యాట్ అంచులు నొక్కుతున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. ఒక్కసారి వాసన చూడరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. ఆ రాత్రి ఎదురురాని అత్త గుర్తొచ్చి, నొక్కనిస్తాను.