వేలు పడనివాళ్ల మేడం

మా గైడు మేడం పోయారు. నా తర్వాత ఆవిడ దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు భీమవరంలో, పాఠాలు చెప్పే కాలేజీలో, ల్యాబ్ పరీక్ష చేయిస్తున్నాను. "అక్కా, మేడం ఇక లేరు" అంది. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"జ్వరమని నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మాత్రం వినేవారా అక్కా? ఆస్పత్రికి వెళ్దామంటే, ఏదో ఊళ్లో ఆడవాళ్లకి వస్తానని మాటిచ్చాను, వెళ్లొచ్చాక చూద్దాం అన్నారు. వెళ్లొచ్చారు కూడా. అప్పటికే ఊపిరితిత్తుల నిండా నెమ్ము చేరిపోయింది."

చూశారా! రిటైరైన మనిషి. జీతం లేదు, స్కాలర్లు లేరు, అడిగేవాళ్లు లేరు. అయినా జ్వరంతో బస్సెక్కి ఊళ్లు పట్టుకు తిరగాలి. ఆవిడతో వేగిన ఇన్నేళ్లలో నేను గెలిచిన వాదన ఒక్కటీ లేదు. ఇప్పుడిక గెలిచే వీలు కూడా లేకుండా చేసి వెళ్లిపోయారు.

ఆవిడ మా గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చెప్పేవారు. టీ తెప్పించుకుని మరిచిపోయి, చల్లారాక ఒక్క గుక్కలో తాగి, "ఈ క్యాంటీన్లో వేడి టీ అన్నదే దొరకదా అమ్మా?" అని నన్ను నిలదీసేవారు. నేను రాసిన చాప్టర్లో 'లబ్ధిదారులు' అన్న మాట కనబడితే చాలు, పెన్ను తీసేవారు. "ఎవరమ్మా ఈ లబ్ధిదారు? ఆవిడకి పేరు లేదా?" పేర్లు రాయకూడదని రూలు పెట్టిందీ ఆవిడే. మరి ఏం రాయమంటారండీ అంటే, "అది నువ్వు ఆలోచించు" అని కళ్లజోడు సర్దుకునేవారు.

నా టాపిక్ చిన్నది, చక్కనిది. రొయ్యలు వలిచే షెడ్డుల్లో పనిచేసే ఆడవాళ్ల చేతుల మీద ఏ ఫంగస్ పెరుగుతోందో చూడాలి. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి వలవడంతో వేళ్ల సందుల్లో చర్మం నాని, తెల్లబడి, పగిలిపోయేది. శాంపిల్ తీసుకోవడం, ల్యాబ్‌కి తేవడం, పెంచి చూడటం. రామచంద్రపురం దగ్గర మా ఊళ్లో నాన్న వ్యవసాయం. ఆయనకి కూడా అర్థమయ్యేలా చెప్పగలిగిన టాపిక్ అది.

దాన్ని పాడుచేసింది ఒక రేషన్ డిపో.

ఆ రోజు శాంపిల్ కోసం సత్యవతి గారింటికి వెళ్లాం. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం, ఈవిడ షెడ్డుకి పనికి వెళ్తారు. ఇంట్లో లేరు, బియ్యానికి వెళ్లారంటే డిపో దగ్గరికి నడిచాం. ఆవిడ వేలిముద్రల మిషను మీద వేలు పెడుతున్నారు, తీస్తున్నారు, చెంగుకి తుడుచుకుని మళ్లీ పెడుతున్నారు. డీలరు కొబ్బరినూనె సీసా అందించాడు. నూనె రాసి చూశారు. ఎడమచేతి వేళ్లు చూశారు. మిషను ఒప్పుకోలేదు.

"ఈవిడ మీకు తెలుసు కదండీ?" అని మేడం డీలరునడిగారు.

"తెలియకేమండి, మా ఎదురింట్లోనే ఉంటారు. నాకు తెలిస్తే సరిపోదు కదండీ, దానికి తెలియాలి" అని మిషను చూపించాడు.

"ఎప్పుడూ ఇంతేనా అమ్మా?"

"ఆయ్, షెడ్డు నడిచినన్నాళ్లూ ఇంతేనండి. పని లేకపోతే పడుద్దండి" అన్నారు సత్యవతి గారు, ఖాళీ సంచి మడతపెట్టుకుంటూ.

మేడం ఆవిడ చెయ్యి పట్టుకుని ఎండలోకి తిప్పి చూశారు. ఆ వేలిని తన బొటనవేలితో తడిమారు. "గీతలే లేవమ్మా" అన్నారు నాతో, గొంతు తగ్గించి. శాంపిల్ సంగతి ఇద్దరం మరిచిపోయాం. తిరుగు బస్సులో అన్నారు: "నీ టాపిక్ మారుద్దాం."

"మేడం, సగం పనైపోయిందండీ!"

"సగమే కదా."

అక్కణ్ణుంచి నా బతుకు ఫైలైపోయింది. వేళ్ల మీద గీతలు ఎలా అరిగిపోతున్నాయి, దానివల్ల ఎవరింట్లో బియ్యం ఆగుతున్నాయి, రెండూ కలిపి చూస్తామన్నాం. మా కమిటీ వాళ్లు ఇది సోషల్ సైన్సు, మాది కాదన్నారు. సోషల్ సైన్సు వాళ్లేమో చర్మం మాకు రాదన్నారు. ఫైలు ఈ బిల్డింగు నుంచి ఆ బిల్డింగుకి, ఆ బిల్డింగు నుంచి ఈ బిల్డింగుకి. చివరికి మీటింగులో మేడం లేచి, "చర్మం మీకూ బియ్యం వాళ్లకీ పంచుతారా ఏంటి? వేలు ఒకటే కదండీ" అన్నారు. ఫైలు మీద సంతకాలు పడ్డాయి. ఒప్పుకున్నారో, విసిగిపోయారో నాకిప్పటికీ తెలియదు.

కలిపి చూడటం వల్లే అసలు విషయం బయటపడింది. బియ్యం ఇచ్చే రోజులు దగ్గరపడుతుంటే కొందరు షెడ్డుకి వెళ్లడం మానేస్తున్నారు. చర్మం తేరుకుని గీతలు వస్తే మిషను ఒప్పుకుంటుందని. బియ్యం కోసం కూలి వదులుకుంటున్నారు. షెడ్డులో సూపర్‌వైజరేమో వీళ్లు సరిగ్గా పనికి రారని కొత్తవాళ్లని పెట్టుకుంటున్నాడు. ల్యాబ్‌లో కూర్చుని ఎన్ని వేళ్లు చూసినా ఇది తెలిసేది కాదు. ఊళ్లో ఎన్ని ఇళ్లు తిరిగినా, వేలు చూడకపోతే బద్ధకమనే రాసుకునేవాళ్లం.

సరే, థీసిస్ అయింది. ఫెలోషిప్ కూడా అయిపోయింది. "ఇంకెన్నాళ్లమ్మా?" అని నాన్న ఫోన్లో అడిగి, జవాబు వినకుండానే అమ్మకిచ్చేసేవారు. సబ్మిట్ చేద్దామండీ అంటే మేడం ససేమిరా అన్నారు. "అడిగి తెచ్చుకున్నదాన్ని తిరిగి వెళ్లి చెప్పి రావాలి. ముందు వాళ్లకి, తర్వాతే యూనివర్సిటీకి."

వెళ్లాం. బడి వరండాలో ఆడవాళ్లంతా కూర్చున్నారు. ప్రొజెక్టర్ మోసుకెళ్తే కరెంటు లేదు. మేడం తన వేళ్లే చూపిస్తూ చెప్పుకొచ్చారు. శ్రద్ధగా విన్నారు. అయ్యాక వెనక నుంచి ఒకావిడ, "మరి బియ్యం ఎప్పుడిస్తారండి?" అంది.

మేడం తడబడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "తెలియదమ్మా" అన్నారు. మళ్లీ తనే, "కనుక్కుని చెప్తాను."

ఆ మాట వచ్చి నా మెడకి చుట్టుకుంది. కనుక్కోవడమంటే పౌర సరఫరాల ఆఫీసు. సార్ మీటింగులో ఉన్నారు, సార్ క్యాంపులో ఉన్నారు, సార్ బదిలీ అయ్యారు. కొత్త సారు వస్తే మళ్లీ ఒకటో పేజీ నుంచి. ఒకాయన, "మిషను తప్పు చెప్పదు మేడం" అన్నాడు.

"తప్పు చెప్పిందని ఎవరన్నారండీ? తెలియదని చెప్పింది. దాన్ని మీరు మనిషే రాలేదని రాసుకున్నారు. అంతే నేననేది."

ఆయన మంచినీళ్లు తెప్పించాడు. ఫైలు తీసింది మాత్రం ఆ తర్వాత వచ్చినాయన. వేలు పడనివాళ్లకి ఫోన్‌కి ఓటీపీ నంబరు పంపి బియ్యం ఇవ్వమని ఆర్డరు వచ్చింది. నేను స్వీట్లు పట్టుకెళ్లాను. తీరా చూస్తే ఆ ఫోన్లన్నీ మగవాళ్ల జేబుల్లో, వేటకెళ్లిన పడవల్లో ఉన్నాయి. "మళ్లీ మొదలెడదాం" అన్నారు మేడం, స్వీటు నోట్లో ఉండగానే. ఇదీ కుదరకపోతే ఊళ్లో ప్రభుత్వ ఉద్యోగి మనిషిని చూసి సంతకం పెట్టి ఇవ్వొచ్చని ఇంకో ఆర్డరు వచ్చేదాకా ఆవిడ ఆగలేదు. తర్వాత ఇటుక బట్టీల మీద, కొబ్బరి పీచు పని మీద ఎక్కడెక్కడి వాళ్లో మా పద్ధతిలోనే పరిశోధనలు చేశారు. ఎవరైనా పొగిడితే, "బాగుంది. వాళ్లు తిరిగెళ్లి ఊళ్లో చెప్పారా?" అనేవారు.

మొన్న యూనివర్సిటీలో సంతాప సభ పెట్టారు. ఒక పెద్దాయన మైకు పట్టుకుని, రొయ్యల ఎగుమతులకి ఆవిడ చేసిన సేవ గురించి ఆపకుండా మాట్లాడాడు. దిగి వచ్చాక ఆగలేక చెప్పాను: "రొయ్యలు కాదండీ, వేళ్లు."

"అన్నీ ఒకటేలేమ్మా" అని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ పూట షెడ్డు మానేసి సత్యవతి గారు, ఇంకొందరు వచ్చారు. మాట్లాడమంటే ఆవిడ స్టేజీ ఎక్కలేదు, ఉన్నచోటే నిలబడ్డారు. "కనుక్కుని చెప్తానన్నారండి. పని అవ్వకపోతే, ఇంకా అవ్వలేదమ్మా అని చెప్పడానికి కూడా బస్సెక్కి వచ్చేవారండి. అవ్వని సంగతి చెప్పడానికి ఎవరొస్తారండి?" అని కూర్చుండిపోయారు. నాకప్పుడు వచ్చింది ఏడుపు.

కిందటి వేసవిలో ఆవిడని చివరిసారి చూశాను. రాజమండ్రిలో వాళ్లింట్లో భోజనం చేసి బయల్దేరాను. భీమవరం రైలు అందుకోవాలి, వేళకి స్టేషనుకి చేరాలి. గేటు దగ్గర ఆటో ఎక్కానో లేదో, మేడం డ్రైవరుతో మాట కలిపారు. పిల్లలేం చదువుతున్నారు, బడి ఎంత దూరం, మధ్యాహ్నం అన్నం బాగుంటోందా. "మేడం, రైలు పోతుందండీ!" అన్నాను. "పోదులే" అన్నారు, ఆటో కమ్మీ వదలకుండా. డ్రైవరు పాపం జవాబులు చెప్తూనే మెల్లగా కదిలించాడు. ఆవిడా పక్కనే నడుస్తూ వచ్చారు, ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని. మలుపు దగ్గర కమ్మీ వదిలారు. ఆటో ముందుకి పోయాక మళ్లీ ఏదో అడిగారు. చప్పుడులో వినపడలేదు. ఏంటి మేడం అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టాను. నడిరోడ్డు మీద ఎండలో నిలబడి, చేతులు తిప్పుతూ, ఆవిడ ఆ ప్రశ్న మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు.