గీజర్లకు చలికోట్లు తొడిగే తౌనో

ముందు చప్పుడు వస్తుంది. స్నానాల గదిలో కుళాయి గొంతులోంచి, నేలకింద ఎవరో వేలి కణుపులతో ఇనుప తలుపు తడుతున్నట్టు, టంగ్, టంగ్, టంగ్. ఒంటినిండా సబ్బు నురగతో నేను బిగుసుకుపోతాను. తరవాత కిందినుంచి ఒక దగ్గు. ఒళ్ళు ఎప్పుడో శుభ్రపడింది, ఇక కుళాయి కట్టెయ్యమని ఆ దగ్గుకు అర్థం.

తౌనో కివెలాకు లోకంలో ఒక్కటే పిచ్చి. చలికాలంలో గీజర్‌లో కాగిన నీళ్ళ వేడి రవ్వంత కూడా దండగ కాకూడదు. మిగతా లోకమంతా ఆయనకు గీజర్ చుట్టూ ఉండే ఖాళీ జాగా.

సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరు థండర్ బేలో చలి అక్టోబరులో వచ్చి కూర్చుంటే మే దాకా లేవదు. సరస్సు గాజులా గట్టిపడుతుంది. మాట నోట్లోంచి బయటికి రాగానే తెల్లగా కనిపించి, ఎటు పోవాలో తెలియక కాసేపు గాలిలో నిలబడుతుంది. మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక పక్క తలుపు ఉంటుంది, పగలు గడియ పెట్టరు. లోపలికి రాగానే పైకి కొన్ని మెట్లు, కింద నేలమాళిగలోకి కొన్ని. మనుషులు బూట్లు విప్పి పైకి వస్తారు. తౌనో బూట్లతోనే కిందికి, గీజర్ దగ్గరికి పోతాడు.

పురిటి బిడ్డను చూడమని పిలిస్తే ముందు గీజర్‌ను చూసొచ్చాడు. పైకొచ్చి బిడ్డ బుగ్గ మీద చెయ్యి వేసి, బాగా వెచ్చగా ఉంది, నష్టమేమీ లేదన్నాడు. మా వీధిలోని రెయినో రంతా చనిపోయినప్పుడు సమాధి దగ్గర్నుంచి అందరం వాళ్ళింటికి కాఫీకి వెళ్ళాం. నల్ల సూటు వేసుకున్న తౌనో మధ్యలో మాయమై, కాసేపటికి బకెట్‌తో మెట్లెక్కి వచ్చాడు. గీజర్ అడుగున ఇంత మడ్డి పేరుకుంటే నీళ్ళెలా కాగుతాయి, రెయినో మంచివాడే గాని ఈ విషయంలో నిర్లక్ష్యం చేశాడని సంతాపం ప్రకటించాడు. రెయినో భార్య ఐలి ఆ రోజు మొదటిసారి నవ్వింది.

మా గీజర్లు మాకన్నా బాగా బట్టలు కట్టుకుంటాయి. పైపులకు స్పాంజి గొట్టాలు, ట్యాంకుకు దుప్పటి, ఆ దుప్పటి మీద ఎవరిదో పాత చలికోటు. అవన్నీ కరెంటువి కాబట్టి అంటుకునే భయం లేదు. మా నాన్న కోటును తౌనో మా గీజర్‌కు తొడిగాడు. వెలుతురు చాలనప్పుడు నేను రెండుసార్లు దాన్ని మర్యాదగా పలకరించాను.

ఈ చలికాలం ఆయన పిచ్చి ముదిరింది. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అందరం యాలకుల రొట్టె, కాఫీ తీసుకుంటుంటే కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. ఇకనుంచి గిన్నెలు చన్నీళ్ళతోనే కడగాలన్నాడు. పాస్టరు నరకం గురించి చెప్పినప్పుడు కూడా మేమంత బెదరలేదు.

"నరకం నయం కదా ఎస్కో, అక్కడ వేడికి కొరత లేదు" అని ఐలి నా చెవిలో అంది.

ఆమె గొంతులో ఎప్పటి హుషారు లేదు. ఎనభై దాటిన ఐలి ఒంటరిగా ఉంటోంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి చూసిపోకపోతే కుదరదని కూతురు రీటా పట్టుబట్టింది. చూడటానికొచ్చిన నర్సును ఐలి గుమ్మంలోంచే పంపించింది, పాస్టరుకు కాఫీ కూడా ఇవ్వలేదు. మెడలో వేసుకొమ్మని ఇచ్చిన అలారం బొత్తాన్ని పిల్లి మెడకు కట్టింది. ఇక లాభం లేదని రీటా టొరంటో నుంచి వచ్చేసింది. వృద్ధాశ్రమంలో గది మాట్లాడింది. తల్లీ కూతుళ్ళకు మాటా మాటా పెరిగి, రీటా హోటల్లో దిగింది.

సోమవారం పొద్దున తౌనో వెంట నేను స్పాంజి గొట్టాలు మోసుకుంటూ ఐలి ఇంటికి వెళ్ళాను. తల్లి సామాను సర్దించడానికి వచ్చిన రీటా పక్క తలుపు దగ్గర ఎదురైంది. మమ్మల్ని చూసి విసుగ్గా దారి ఇచ్చింది. కింద, వంటగదికి పోయే వేడినీళ్ళ పైపు పొడవునా స్పాంజి చుట్టి ఉంది. ఒక్కచోట మాత్రం అరచేయి పట్టేంత మేర వదిలేసి ఉంది. తౌనో అక్కడ చెయ్యి వేశాడు. తీసి, ప్యాంటుకు తుడుచుకుని, మళ్ళీ వేశాడు.

"పైపు చల్లగా ఉంది. ఈ వేళకు ఆమె గిన్నెలు కడగడం అయిపోవాలి" అన్నాడు, ముఖంలో నెత్తురు లేకుండా.

అని, బూట్లతోనే మెట్లెక్కి వంటగదిలోకి పరుగెత్తాడు. మా వీధిలో బూట్లతో వంటగదిలోకి వెళ్ళిన మనిషి అంతకుముందు లేడు.

వెనకే వెళ్ళాం. ఐలి బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటోంది. తన నేత తివాచీ మీద కరుగుతున్న మంచును చూసింది.

"తౌనో, బూట్లు" అంది.

"గిన్నెలు కడిగావా?"

"కడిగాను. చన్నీళ్ళతో. నిన్న కుర్చీ ఎక్కి చెప్పింది నువ్వే కదా."

తౌనో అందిన కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు వేడినీళ్ళతో కడుగు. రోజూ, పొద్దున్నే" అన్నాడు చివరికి.

"మరి నిన్నటి ఉపన్యాసం?"

"అది ఊరివాళ్ళకు. నీ గీజర్ ముసలిది. వాడకపోతే పాడైపోతుంది."

పదిమందికి పొదుపు నేర్పిన నోటినుంచి ఇంత పచ్చి అబద్ధం వినాల్సి వస్తుందని నేననుకోలేదు. ఐలి కళ్ళజోడు మీదుగా చూసింది.

"నన్ను చూడటానికి వచ్చావేమిటి కొంపదీసి?"

"నిన్నెవరు చూస్తారు? గీజర్‌ను చూడటానికి వచ్చాను."

"అలా అయితే సరే" అని ఆమె కాఫీ పోసింది.

రీటా గుమ్మంలో సాక్సులతో నిలబడి ఉంది. రోజూ వస్తాడా అని మెల్లగా నన్నడిగింది. మీ నాన్న పోయినప్పటినుంచీ వస్తున్నాడు, గీజర్ కోసమే అనుకున్నాం అన్నాను. ఆమె కిందికి వెళ్ళి, ఆ పైపు మీద తనూ కాసేపు చెయ్యి వేసి వచ్చింది.

"అమ్మా, నువ్విక్కడే ఉండు. నిన్ను తీసుకెళితే తౌనోకు చూసుకోడానికి గీజర్ ఉండదు" అంది.

"వచ్చినప్పటినుంచీ నేను చెబుతోంది అదే" అంది ఐలి.

తిరిగి వస్తుంటే మంచు సన్నగా, తొందరేమీ లేనట్టు పడుతోంది. అందరి ఇళ్ళలోనూ పైపు మీద ఆ చోటు వదిలారా అని అడిగాను. స్పాంజి చాలలేదన్నాడు. ప్రతి ఇంట్లోనూ అక్కడే చాలలేదా అన్నాను. ఆయన మా గేటు దాకా నడిచి, ఆగి, నన్ను ఎగాదిగా చూశాడు.

"పోయిన మంగళవారం మధ్యాహ్నం దాకా నీ పైపు చల్లగానే ఉంది. జ్వరమా, బద్ధకమా?"