బాగున్న రోజు ఆగడం

చిలకలూరిపేటలో ఓ చిన్న కొట్టు. నాగూర్ వలి మిషను మీద దూది ఏకుతాడు, అతని భార్య కరీమున్ పరుపులు కుడుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇద్దరిదీ అదే పని. పరుపు మీద గొంతుకూర్చుని, దబ్బనం గుచ్చి, దారం లాగి ముడి బిగించడం ఆమెకు కళ్లు మూసుకున్నా వచ్చేది.

కొన్నేళ్ల కిందట నడుములో మొదలైన నొప్పి ఎడమ కాలి బొటనవేలి దాకా పాకింది. ఒక్కోసారి కరెంటు కొట్టినట్టు ఉండేది, ఒక్కోసారి అరికాలికి కారం రాసినట్టు మండేది. గుంటూరులో డాక్టరు స్కానింగు చూసి నరం నలిగిందన్నాడు. ఆపరేషను చేసినా పూర్తిగా పోతుందని చెప్పలేనన్నాడు. మాత్రలు వేసుకుంటే మంట తగ్గేది గానీ పగలంతా తల దిమ్ముగా ఉండేది.

పైకి వాపు లేదు, దెబ్బ లేదు. "పొద్దున బాగానే తిరిగిందిగా, ఇప్పుడేమైంది?" అని ఆడబిడ్డ సిద్దికా పక్కింట్లో అనడం వినపడేది. అందుకే ఒళ్లు కాస్త తేలిగ్గా ఉన్న రోజున, పడుకున్న రోజుల పని కూడా కలిపి చేసేది కరీమున్.

పోయిన పెళ్లిళ్ల కాలంలో ఓ పెళ్లివారి పరుపులు అలాగే కుట్టింది. ఆ రోజు కాలు మాట వింటోంది. అన్నానికి కూడా లేవలేదు. చివరి ముడి వేసి లేవబోతే కాలు నిలబడలేదు, పక్కకి ఒరిగిపోయింది. వలి పరిగెత్తుకొచ్చాడు.

"లేపమాకయ్యా. కాసేపు ఇట్టాగే ఉండనీ."

ఆ తర్వాత చాలా రోజులు అతను పట్టుకుంటే తప్ప బాత్రూముకి వెళ్లలేకపోయింది.

"నిన్నెవరు కుట్టమన్నారు?" అన్నాడు వలి. కసిరే ఓపిక అతనికీ లేదు.

"బాగున్నప్పుడు చెయ్యకపోతే ఇంకెప్పుడు చేసేది?"

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే రెబెకాతోనూ అదే అంది. "నొప్పి వచ్చేదాకా కూర్చోవద్దమ్మా," అంది రెబెకా. "కాసేపు కుట్టు, లేచి తిరుగు, నడుం వాల్చు. బాగున్న రోజైనా అంతే."

నిలబడి కుట్టడానికి వలి ఎత్తయిన బల్ల చేయించాడు. పక్కనే చాప పరిచాడు. మొదట్లో, వచ్చేపోయేవాళ్లు చూస్తారని ఆమె ముఖం మీద కొంగు కప్పుకుని పడుకునేది. సగంలో వదిలిన పరుపు వలి కుడుతుంటే ముడులు వంకరగా పడేవి. కొన్నాళ్లు దిద్దింది, తర్వాత ఊరుకుంది.

నొప్పి పోలేదు. మంచం పట్టే రోజులు మాత్రం తగ్గాయి.

మొన్న పాత ఖాతాదారు ప్రకాష్ వచ్చి, రేపటికల్లా పరుపులు కావాలన్నాడు.

"రేపటికి కాదండీ. ఎల్లుండి సాయంత్రానికి ఇస్తాం."

"కొంచెం చూడమ్మా, మీ చేతి కుట్టయితేనే మా నాన్నకి పడుతుంది."

"ఎల్లుండి రండి."

అతను వేరే కొట్టు వైపు వెళ్లిపోయాడు. వలి మళ్లీ మిషను దగ్గరికి వెళ్లాడు. నిజానికి ఆ పూట కాలు బాగానే ఉంది, ఆగకుండా కుడితే రేపటికి అయ్యే పనే. ఆ మాట కరీమున్ అతనికి చెప్పలేదు. చాప మీద వాలి, మిషను చప్పుడు వింటూ చాలాసేపు కళ్లు తెరుచుకునే ఉంది.