మనవుల పేజీ

నేను బడికి వెళ్ళలేదు. భవానీపురంలోని మా ఇంట్లోనే అమ్మ ఒళ్ళో బైబిలు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది. ఆ అక్షరాలే సంఘంలో నాకొక చోటిచ్చాయి. శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవుల పుస్తకం నాది. ఎవరికి ఏ బాధ ఉందో ఫోన్ నంబరుతో సహా రాసుకుని, వారమంతా ఒక్కొక్కరి పేరునా ప్రార్థించేదాన్ని. కూడిక అయ్యాక అందరూ నా చుట్టూ చేరేవారు. అందుకు రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

మా మరిదికి పెళ్ళయి తోటికోడలు వచ్చింది. గవర్నర్‌పేటలో కంప్యూటర్ల ఆఫీసులో పని. ఫోన్లలో మోసాలు ఎక్కువయ్యాయని, ప్రార్థన తర్వాత పది నిమిషాల సినిమా వేస్తానని పాస్టరుగారిని అడిగింది. గోడకు తెల్ల దుప్పటి కట్టారు. మొదటి వారం సినిమాలో ఒకడు బ్యాంకువాడినని ఫోన్ చేసి, ఒకావిడ ఆధార్ కార్డు ఫొటో అడుగుతాడు. "పంపకే పిచ్చిమొహమా" అని మావాళ్ళు తెరమీద ఆవిణ్ణి తిట్టారు. అయిపోగానే అందరూ తోటికోడలి చుట్టూ మూగి ఎవరి ఫోను వాళ్ళు ఆమె చేతికిచ్చారు. నా పుస్తకం నా ఒళ్ళోనే ఉండిపోయింది.

"మీ ఫోనూ ఇటివ్వండక్కా, లాక్ పెడతాను" అంది.

"నా ఫోన్లో దాచుకునేవేం లేవులేమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే, ఫోన్ వాడటం నాకూ వచ్చని చూపించాలనిపించింది. మనవుల పేజీని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. స్త్రీల గ్రూపులో కాదు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఉండే పెద్ద గ్రూపులో. సాయంత్రం దాకా ఆమెన్‌లు వస్తూనే ఉన్నాయి. ప్రతిదీ తెరిచి చూసుకున్నాను.

తరువాతి శుక్రవారం దుప్పటి కడుతుండగా, కొండపల్లి నుంచి వచ్చే ఆవిడ లేచింది. అక్కడ బొమ్మలకు రంగులేస్తుంది.

"నిన్న ఒకడు ఫోన్ చేశాడండీ. దైవజనుణ్ణన్నాడు. మా పిల్లకి మూర్ఛలొస్తాయని వాడికి తెలుసు. స్వస్థత కూటానికి పేరు రాసుకోవాలి, ఆధార్ ఫొటో పంపమన్నాడు. తీశాను కూడా. పంపబోతుంటే పోయినవారం సినిమా గుర్తొచ్చి ఆగాను." గొంతు తగ్గించింది. "పిల్ల సంగతి మా అత్తగారికి కూడా తెలీదు. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేదు."

ఆవిడ పెద్ద గ్రూపులో లేదు. ఉన్నవాళ్ళు తలలు వంచుకున్నారు. తోటికోడలు నా వైపు ఒక్కసారి చూసి, "ఎవరమైనా చేసే పొరపాటేనండీ" అని దుప్పటి ముడి బిగించుకుంది. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా మంచితనమూ ఆమెకే దక్కింది.

లేచి నిలబడ్డాను. "ఆ పేజీ గ్రూపులో పెట్టింది నేనేనమ్మా."

కొండపల్లి ఆవిడ నా చేతిలోని పుస్తకం వైపు చూసింది. తర్వాత, "ప్రార్థన చెయ్యండక్కా. రాయమాకండి" అంది.

ఫొటో తీసెయ్యమని తోటికోడలికి నా ఫోనిచ్చాను. "ఇప్పుడు తీసినా, దించుకున్నవాళ్ళ దగ్గర ఉండిపోతుందక్కా" అంది మెల్లగా.

ఇప్పుడు మనవులు మనసులోనే పెట్టుకుంటాను. పొద్దున మోకరించినప్పుడు ఆ పిల్ల పేరు మొదట వస్తుంది. తోటికోడలి పేరు చివరికి నెడతాను. ఆ ఆధార్ ఫొటో వాడికి చేరకుండా ఆగింది ఆమె వల్లేనని దేవునికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ పేరు దగ్గర నాలుక ఇంకా ఆగుతుంది. చెప్పకుండా మాత్రం లేవను.