మా బావ కారుకి దాహమెక్కువ

మా బావ ఎవాండర్ ఏ ఊరి మీదుగా వెళ్ళినా, ఎవరో ఒకరి తలుపు తట్టి తన కారుకి నీళ్ళడగకుండా ఆ ఊరు దాటడు. ఆయన గురించి చెప్పడానికి ఇంకా చాలా ఉంది. మనిషి పొడవు, ముక్కు పొడవు, ఓపిక ఇంకా పొడవు. కానీ లూయిస్ నుంచి బారా దాకా మా దీవుల్లో ఎవరిని కదిపినా ముందు చెప్పేది ఆ నీళ్ళ సంగతే.

మా దీవుల్లో కరువంటూ ఉంటే అది ఎండకే గాని నీళ్ళకి కాదు. పైన వాన, కింద చిత్తడి, చుట్టూ సముద్రం. వాటి మధ్య నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, "కాసిని నీళ్ళుంటే పోస్తారా? మా ముసలమ్మకి దాహమేస్తోంది" అని అడగాలంటే మనిషికి ఎంత నిబ్బరం కావాలో మీరే ఆలోచించండి.

ముసలమ్మంటే మా అక్క డొలీనా కాదు. ఆ మాట మా అక్కని అనే ధైర్యం మా బావకే కాదు, ఊళ్ళో ఎవరికీ లేదు. ముసలమ్మంటే ఆయన మోరిస్ మైనర్ కారు. వాళ్ళ నాన్న కొన్నది. లేత ఆకుపచ్చ రంగు, కప్ప కళ్ళలాంటి దీపాలు, గుండ్రటి వీపు. ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతుంది. దిగేటప్పుడు ఈల వేస్తుంది. మా బావ దానితో మాట్లాడినంత మర్యాదగా పాస్టరుగారితో కూడా మాట్లాడడు.

ఒకసారి కుండపోతగా కురుస్తుంటే ఎవరింటి ముందో ఆగి నీళ్ళడిగాడట. నెత్తి మీంచి, ముక్కు మీంచి ధారలు కారుతున్నాయి. ఆ ఇంటాయన తలుపు తెరిచి, ఎగాదిగా చూసి, "నెత్తి మీంచి ఆ కారేదేమిటి మరి?" అన్నాడట.

"ఇది పైపూతకి. నేనడిగేది లోపలికి" అన్నాడట మా బావ.

నీళ్ళు ఇచ్చినంత మాత్రాన కథ అయిపోదు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఆవిరి మొహాన కొడుతుంది. కాబట్టి ముసలమ్మ చల్లారాలి. అందాకా మనిషిని గుమ్మంలో నిలబెట్టడం మర్యాద కాదు గనక ఇంటివాళ్ళు లోపలికి రమ్మంటారు. టీ పెడతారు. టీతో పాటు ఓట్స్ రొట్టె, వెన్న. రొట్టెతో పాటు మోకాళ్ళ నొప్పులు, గొర్రెల ధరలు, పోయినవాళ్ళ కబుర్లు. ఈలోగా ముసలమ్మ చల్లారి, గడ్డకట్టి, మళ్ళీ స్టార్ట్ అవ్వడానికి బతిమాలించుకునే స్థితికి వస్తుంది.

మా అక్క ఊరుకునే మనిషి కాదు. కారుని పట్నం తీసుకెళ్ళి మెకానిక్‌కి చూపించింది. ఆయన బానెట్ ఎత్తి చూసి, కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ, "దీనికి ఏ రోగమూ లేదమ్మా. ఒక్క చుక్క కారడం లేదు" అన్నాడు.

"డాక్టరు ఎదుట దగ్గు ఆగిపోవడం మామూలేగా" అన్నాడు మా బావ.

ఆ ఏడు ఆయన పుట్టినరోజుకి మా అక్క కొత్త రేడియేటరే తెప్పించి చేతిలో పెట్టింది. "అబ్బ, ఎంత బావుందో!" అని ముద్దుపెట్టుకున్నంత పని చేసి, తీసుకెళ్ళి కొట్టంలో పెట్టి గోనె కప్పాడు. అదిప్పటికీ అక్కడే ఉంది. చలి రోజుల్లో ఓ గొర్రె దానికి ఆనుకుని పడుకుంటుంది.

ఇదంతా వినోదంగానే ఉండేది, నా కూతురి పెళ్ళి కుదిరేదాకా.

మార్సలీ పెళ్ళి బారాలో. మేమా, ఉత్తరపు చివరున్న లూయిస్ వాళ్ళం. బారా దక్షిణపు చివర. ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఒక రోజంతా ప్రయాణం, మధ్యలో రెండు ఫెర్రీలు. "నేను చర్చికి మామయ్య కారులోనే వెళ్తాను, లేకపోతే నడిచే వెళ్తాను" అని పిల్ల పట్టుబట్టింది. సరే, మా ఆవిడా అక్కా సామానంతా వ్యాన్‌లో వేసుకుని ముందే వెళ్ళిపోయారు. పెళ్ళి కేకు మాత్రం వ్యాన్‌లో కుదుపులకి ఆగదట. ఎవరైనా ఒళ్ళో పెట్టుకుని తేవాలట. అందరి ఒళ్ళూ పరిశీలించి, నా ఒళ్ళే వెడల్పని తేల్చారు.

అలా జూన్ నెలలో ఒక పొద్దున మూడంతస్తుల కేకు ఒళ్ళో పెట్టుకుని, నేను, మా బావ, ముసలమ్మ బయల్దేరాం. మర్నాడు పొద్దున్నే పెళ్ళి. సాయంత్రం ఎరిస్కే నుంచి బారాకి వెళ్ళే ఆఖరి ఫెర్రీ తప్పితే, తండ్రి లేకుండానే పిల్ల చర్చిలోకి నడవాలి.

"బావా, ఇవాళ ఒక్కరోజు దీనికి ఉపవాసం పెట్టు" అన్నాను.

"నాదేముందిరా ఫార్కర్, దాని ఇష్టం" అన్నాడు.

హారిస్ కొండలు దిగామో లేదో దానికి ఇష్టమైంది. రోడ్డుపక్క ఒంటరి ఇల్లు. ఆర్చిబాల్డ్ అని, ఒకప్పుడు ఇంట్లోనే మగ్గం మీద ఉన్ని గుడ్డ నేసిన ముసలాయన. చేతులు వణకడం మొదలయ్యాక మగ్గం మూలపడింది. మా బావ తలుపు తట్టాడు. ముసలాయన బయటికొచ్చి, కారుని చూడగానే తిట్లు లంకించుకున్నాడు.

"మళ్ళీ వచ్చావూ? ఆ డొక్కుని సముద్రంలోకి తొయ్యమని పోయినసారే చెప్పానా? బానెట్ ఎత్తు! అలా కాదు. జరుగు, నేను చూస్తాను!"

తిడుతున్నంతసేపూ ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది. ఆ తర్వాత ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేను కేకుతో కారులో ఉండిపోయాను. ఒక గొర్రె వచ్చి కిటికీలోంచి కేకునే చూస్తూ నిలబడింది. దానికీ నాకూ మాటల్లేవు. చివరికి బావ వచ్చి బండి తీశాడు. మలుపు తిరగగానే మళ్ళీ ఆపి, "ఒక్క నిమిషం" అంటూ నీళ్ళ డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. వయసు మీద పడ్డవాడు గదా, ఏదో అవసరం అనుకుని నేను అటు చూడలేదు.

మొదటి ఫెర్రీకి కార్లు ఎక్కే పలక పైకి లేవబోతుండగా ఎక్కాం. నా చొక్కా చెమటకి తడిసిపోయింది. మా బావ కిటికీలోంచి సీల్ జంతువుల్ని చూస్తూ, "ఎంత కులాసాగా ఉన్నాయో చూడు" అన్నాడు.

అవతలి ఒడ్డున, నార్త్ ఉయిస్ట్‌లో, రిటైరైన టీచరమ్మ ఇంటి ముందు మళ్ళీ దాహం. ఈసారి ఆవిడ కిటికీలోంచే కేకేసింది: "ఎవాండర్! నీకు ఆ కారెందుకు నాయనా, ఒక ఆవుని కొనుక్కో. నీళ్ళు తాగినందుకు పాలైనా ఇస్తుంది!" మళ్ళీ టీ. మళ్ళీ నేనూ నా కేకూ. మలుపు తిరగ్గానే మళ్ళీ "ఒక్క నిమిషం".

ఈసారి నాకు అనుమానం వచ్చి అద్దంలోంచి చూశాను. మా బావ కారు వెనక నిలబడి, టీచరమ్మ నింపి ఇచ్చిన డబ్బా వంచి, నీళ్ళన్నీ గుంటలో పారబోస్తున్నాడు.

ఆయన వచ్చి కూర్చోగానే అడిగాను. "బావా, కారుకి దాహమన్నావు?"

"అన్నాను."

"ఆ నీళ్ళేవి?"

ఆయన స్టీరింగ్ మీద దుమ్ము తుడిచాడు. లేని దుమ్ము. "రేడియేటర్ నిండుగానే ఉందిరా" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మా నాన్న హయాం నుంచి, ఒక్కరోజు తప్ప."

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచాక ఆపడం కష్టమైంది. నా కూతురి పెళ్ళి, నా కాళ్ళ తిమ్మిర్లు, ఫెర్రీ, గొర్రె, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని, బండి నడుపుతూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"ఆర్చిబాల్డ్ దగ్గరికి ఊరికే పలకరించడానికి వెళ్ళానురా ఒకసారి. 'బాగానే ఉన్నాను' అని తలుపు సగమే తెరిచి మూసేశాడు. ఊళ్ళోవాళ్ళు సూపు పట్టుకెళ్తే వెనక్కి పంపేశాడట. జన్మంతా నలుగురికీ పెట్టిన చెయ్యి. ఇప్పుడు పుచ్చుకోవాలంటే అవమానంగా ఉంటుంది. నిజంగానే ఒకనాడు గొట్టం ఊడి నీళ్ళు అడిగితే, అదే మనిషి నాకు కుర్చీ వేసి, గంట తిట్టి, టీ పోశాడు. ఆ పూటంతా చేతులు వణికినట్టే లేవు. గొట్టం బాగుచేయించాను గాని, ఆ తర్వాత కూడా అటు వెళ్తే నీళ్ళడక్కుండా రాబుద్ధి కాలేదు. ఇంకాస్త ముందుకెళ్తే అలాంటిదే ఇంకో ఇల్లుంది. అది దాటితే ఇంకోటి. అలా అలవాటైపోయింది."

దీవికీ దీవికీ మధ్య సముద్రంలో కట్టిన రాళ్ళ దారి మీద వెళ్తున్నాం. రెండు పక్కలా అలలు. ఎండ వచ్చింది. గడ్డిలో పసుప్పచ్చ పూలు ఎక్కడ చూసినా. నా కోపం తగ్గిందని ఒప్పుకోవడం ఇష్టంలేక కేకు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఎరిస్కే చేరేసరికి సాయంత్రమైంది. రేవు కనిపిస్తోంది. ఫెర్రీ కూడా కనిపిస్తోంది. మా బావ వేగం తగ్గించాడు.

"వద్దు బావా."

"ఇదొక్కటే ఫార్కర్. ఎఫీ పెద్దమ్మ. వాళ్ళాయన మొన్న చలికాలంలో పోయాడు. అప్పట్నుంచి ఆవిడ గేటు దాటలేదు."

నేను వద్దనేలోపే బండిని గేటు లోపలికి పోనిచ్చి, ఆయన తలుపు దగ్గరున్నాడు. ఎఫీ పెద్దమ్మ చిన్న మనిషి. నల్ల స్వెట్టరు, తెల్ల జుట్టు. డబ్బా నింపి ఇచ్చి, బావని బానెట్ దగ్గరికి పంపి, తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"నువ్వు డొలీనా తమ్ముడివా?"

"అవును పెద్దమ్మా."

ఆవిడ గొంతు తగ్గించింది. "నాయనా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. మీ అక్క ఇంట్లో ఆయనకి టీ పొయ్యదా?"

"అదేమిటి పెద్దమ్మా?"

"ఆ కారుకి ఏ జబ్బూ లేదని నాకు తెలీదనుకున్నావా? మలుపు దగ్గర నీళ్ళు పారబోయడం నా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. ఉయిస్ట్ టీచరమ్మకి తెలుసు. హారిస్ ఆర్చిబాల్డుకీ తెలుసు. మేమంతా ఫోన్లో అనుకుంటూనే ఉంటాం. పాపం, మొహమాటస్థుడు. ఇంట్లో పలకరించే దిక్కు లేక, గుక్కెడు టీ కోసం దీవులన్నీ తిరుగుతున్నాడు. అడగడానికి సిగ్గుపడి కారు వంక పెడుతున్నాడు. మేము కాదంటే ఎక్కడికి పోతాడు చెప్పు? అందుకే ఒంట్లో బాగున్నా లేకపోయినా, ఆయనొచ్చే రోజుల్లో నేను రొట్టె చేసి ఉంచుతాను."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపడానికి పళ్ళు బిగపట్టాను. ఎదురుగా బానెట్ కింద మా బావ, ఈవిడ మీద జాలితో, నిండు రేడియేటర్ మీదికి వంగి లేని రోగం వెతుకుతున్నాడు. ఈవిడేమో ఆయన మీద జాలితో కళ్ళొత్తుకుంటోంది. మధ్యలో మా అక్క పరువు పోతోంది.

ఫెర్రీ కూత వేసింది. ఆ ఒక్క క్షణంలో నా బుర్ర వెలిగింది.

"పెద్దమ్మా, నాకో సాయం చేస్తావా? పొద్దున్నుంచీ ఈ కేకు మోసి నా కాళ్ళు చచ్చుబడిపోయాయి. దిగేటప్పుడు పడేస్తానేమోనని భయంగా ఉంది. బారా దాకా ఎవరైనా పట్టుకుంటే..."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీ ఇంటివాళ్ళందరికీ ఈ నాటకాలు అలవాటా?"

"కాళ్ళు మాత్రం నిజం పెద్దమ్మా."

ఆవిడ రేవు వైపు చూసింది. గేటు వైపు చూసింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచింది. అయిపోయింది, ఫెర్రీ పోయింది, పెళ్ళీ పోయింది అనుకున్నాను. లోపల్నుంచి ఫోన్లో గొంతు వినిపించింది. "ఒరే, ఆ ఓడ కాసేపు ఆపరా. ఎవాండర్ కారు నీళ్ళు తాగుతోంది. నేనూ వస్తున్నాను... ఆఁ, నేనే!" ఆవిడ మేనల్లుడు ఫెర్రీ మీదే పనిచేస్తాడు. ఓడ ఆగింది. ఎఫీ పెద్దమ్మ నీలం కోటు వేసుకుని, దాని మీద ముత్యాల బ్రోచ్ గుచ్చుకుని బయటికొచ్చింది. నా ఒళ్ళోంచి కేకు తీసుకుని, వెనక సీట్లో నిటారుగా కూర్చుంది.

మా బావ తిరిగి చూసి, గబగబా బండి తీశాడు. గేటు దాటేటప్పుడు మాత్రం కారుని పాకిస్తున్నంత నెమ్మదిగా నడిపాడు. వెనక పెద్దమ్మ కిటికీ అద్దం దించి, గాలికి మొహం పెట్టింది.

పెళ్ళి బాగా జరిగింది. మార్సలీ ముసలమ్మలోనే చర్చికి వెళ్ళింది. ఒక్క చుక్క నీళ్ళడక్కుండా అది దారంతా ఈల వేసింది.

బావ మాట పెద్దమ్మకి, పెద్దమ్మ మాట బావకి చెప్పకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. చెబితే ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళడం మానేస్తారు. కానీ నా చేతిలో లేనిది ఒకటి జరిగింది. విందులో ఎఫీ పెద్దమ్మ తిన్నగా మా అక్క దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయింది. నాకు రెండు ముక్కలే వినిపించాయి.

"మంచిదానివే, కాదనను. కానీ మొగుడికి ఇంట్లో కాస్త టీ పొయ్యమ్మా తల్లీ. ఊళ్ళో అనుకుంటున్నారు."

మా అక్క మొహం ఎర్రబడింది. గిరుక్కున తిరిగి వంటగదిలోకి వెళ్ళి, పెద్ద టీ కెటిలే పట్టుకొచ్చి, మా బావ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

పాటలు మొదలయ్యాయి, ఆటలు మొదలయ్యాయి. మా బావ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. లేవనిస్తేగా! ఒక కప్పు అవగానే ఇంకొకటి. "చాలు డొలీనా" అంటే, "తాగు! ఊళ్ళో అందరూ చూస్తున్నారు" అంటుంది. ఆయన ఎందుకో అర్థంకాక, కప్పు మీంచి బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు.

నేను ఎఫీ పెద్దమ్మతో డాన్సు చేస్తున్నాను, అటు చూడలేదు.