నీళ్ళు తాగని సమ్మెట

మా ఆయన నెత్తిమీద ఎత్తాల్సిన సమ్మెటని మా అన్నయ్యే చేశాడు, మా అన్నయ్యే మా పెరట్లోకి మోసుకొచ్చాడు. గోనెసంచిలో చుట్టి సైకిలు వెనక కట్టుకొచ్చి, అదేదో పసిపిల్లని దించినట్టు మెల్లగా దించాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. సంచి విప్పాడు. ఓలమ్మో, నా గుండె జారి కాళ్ళలో పడింది.

సమ్మెటంటే మనకి తెలిసిన సమ్మెట కాదది. తలకి ఒక పక్క చదునుగా, కుంకుడుకాయలు కొట్టుకునే రాయిలా ఉంది. రెండోపక్క కాకిముక్కులా వంగి, కొస మొనదేలి ఉంది. ఎన్నో వందల ఏళ్ళ కిందట పై దేశాల్లో ఇనప తొడుగులేసుకుని యుద్ధం చేసేవాళ్ళట. కత్తి దిగని ఆ తొడుగుని చితక్కొట్టడానికి ఈ చదునుపక్క, చిల్లుపొడవడానికి ఈ ముక్కుపక్క. అదంతా మా అన్నయ్య పరమానందంగా చెప్తున్నాడు. నేను మాత్రం ఆ ముక్కునే చూస్తున్నాను.

డెబ్బైల చివరి రోజులు. మేం కంచరపాలెంలో రైలు పట్టాల దగ్గర ఒక వరసింట్లో ఉండేవాళ్ళం. మా ఆయనా, మా అన్నయ్యా హార్బరు పక్కన ఒకే వర్క్‌షాపులో పని. మా ఆయన ఫిట్టరు. మా అన్నయ్య కొలిమి దగ్గర సమ్మెట వేసే మనిషి. ఇద్దరూ ఆనందపురం అవతల పల్లెల్లో నాగలి పట్టిన ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే. ఇద్దరికీ ఒకటే పిచ్చి, నాటకాలు. ఏటా మే నెలలో వర్క్‌షాపు క్లబ్బులో నాటకం వేసేవాళ్ళు. ఆ ఏడు వేసింది ఒక కత్తియుద్ధాల నాటకం. మా ఆయన యువరాజు, మా అన్నయ్య దుర్మార్గపు సేనాపతి. చివర్లో యువరాజు కిందపడిపోతాడు, సేనాపతి ఆయుధం ఎత్తి తలమీద కొట్టబోతాడు. దెబ్బ తప్పి పక్కనున్న చెక్కమీద పడుతుంది, యువరాజు లేచి వాణ్ణి పొడిచేస్తాడు. ఇదీ కథ.

ఆ ఆయుధం అట్టతో చేసుకుంటే ఏం పోయింది? అదే అడిగాను. కిందటేడు అట్ట గద స్టేజీమీద మధ్యకి వంగిపోయి జనం కడుపులు పట్టుకుని నవ్వారట. పైగా గద పట్టుకుంటే ప్రతివాడూ భీముడనుకుంటాడట. నాటకం ఆడించే ఆయన వర్క్‌షాపులో డ్రాయింగులు గీసే ఉద్యోగి. ఎక్కడో లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో ఈ బొమ్మ చూసి, "అచ్చం ఇలాంటిదే కావాలి. దెబ్బ పడితే వెనక వరసలో వాడికి కూడా వినపడాలి" అన్నాడు. ఆ మాట చాలు మా అన్నయ్యకి. తుక్కు ఇనుములోంచి తల సాగదీశాడు. కర్ర కోసం ఫిషింగ్ హార్బరుకి పోయి, పడవలు బాగుచేసే వడ్రంగి దగ్గర ఒక మంచి ముక్క తెచ్చుకున్నాడు. బొమ్మలో ఉన్నట్టే, అంగుళం తేడా లేకుండా.

ఆ ఆదివారం మా పెరట్లో దానికి పరీక్ష. డ్రాయింగులాయన కూడా పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. ముందు బొమ్మ పక్కన పెట్టి చూశారు. తర్వాత కర్రని వేలిమీద నిలబెట్టి బరువు ఎటు తూగుతోందో చూశారు. తల వీశెడు ఉంటుందని మా అన్నయ్య, లేదు ఇంకా తక్కువేనని మా ఆయన. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడం, గాల్లో తిప్పడం. అది తిరుగుతుంటే "హుమ్" మని ఒక శబ్దం. ఆ శబ్దం విన్నప్పుడల్లా నేను గుమ్మం లోపలికి ఒక అడుగు వేసేదాన్ని. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. చెయ్యి పొట్టమీదకి దానంతటదే పోయేది.

"తల ఊడి రాదు గదా?" అన్నాను.

మా అన్నయ్య నవ్వి, కర్ర తను పట్టుకుని తల మా ఆయన చేతికిచ్చాడు. "లాగు బావా" అన్నాడు. ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి లాగారు. కదల్లేదు. కొబ్బరి మొద్దుమీద చదునుపక్కతో కొట్టారు, మొద్దు సొట్టపోయింది. కదల్లేదు. చివరికి మా అన్నయ్య మా పాత కిరసనాయిలు డబ్బా బోర్లించి ముక్కుపక్కతో ఒక్కటి వేశాడు. ముక్కు పూర్తిగా దిగిపోయింది. బయటికి లాగితే రేకుకి నా బొటనవేలు పట్టే కంత. డ్రాయింగులాయన చప్పట్లు కొట్టాడు. నేను ఆ కంత చూశాను, మా ఆయన కణత చూశాను, ఇంక అక్కడ నిలబళ్ళేకపోయాను.

"ఎందుకే అమ్మీ అంత బయం? రాత్రంతా మీ గోలెంలో పడుకోబెట్టినాను. సుబ్బరంగా నీల్లు తాగింది. ఇంకేటవుతాది?" అన్నాడు మా అన్నయ్య నా వెనకాలే వచ్చి.

నిజమే, ముందురోజు సాయంత్రం తెచ్చి చూపించాక మళ్ళీ గోనెలో చుట్టి మా నీళ్ళ గోలెంలో ముంచిపోయాడు. అది వాళ్ళ పని అలవాటు. పొద్దున్నే పనిలోకి పోగానే కొలిమి పక్క తొట్టిలో సమ్మెటలన్నీ ముంచుతారు. నీళ్ళు తాగి కర్ర ఉబ్బుతుంది, తలని పట్టేసుకుంటుంది. వాళ్ళలో ఎంత తాగుబోతైనా, ఎంత సోమరైనా ఈ ఒక్క పని మర్చిపోడు. సమ్మెటకి నీళ్ళు పెట్టని మనిషంటే వాళ్ళకి మనిషే కాదు. వాడి ఎదురుగా, కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దాగలి దగ్గర ఇంకెవడూ నిలబడడు. మా అన్నయ్యకి ఆ విషయంలో ఎంత పేరంటే, కొత్తగా చేరినవాళ్ళని అతని పక్కనే పెట్టేవారు.

ఆ మాట విని నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను. రిహార్సల్స్ కూడా మా పెరట్లోనే వేసుకున్నారు. మా ఆయన పడుకోవడం, చెవికి మూరెడు దూరంలో చెక్క పెట్టడం, దాని మీద దెబ్బ పడ్డం. దెబ్బ దెబ్బకీ నేను కళ్ళు మూసుకునేదాన్ని. దెబ్బ దెబ్బకీ మా ఆయన లేచి దులుపుకునేవాడు.

నాటకం ఇంక రెండు రోజులుందనగా ఆ సమ్మెటకి వెండిరంగు పూశారు. నల్లటి ఇనుము జనం కంటికి ఆనదని డ్రాయింగులాయన అన్నాడట. తడి తగిలితే రంగు లేచిపోతుందని క్లబ్బు డాబామీద ఎండలో పెట్టారు. అదీ విశాఖపట్నం మే నెల ఎండ. ఈ సంగతి నాకు మామూలు కబురుగా మా ఆయనే అన్నం తింటూ చెప్పాడు. నేనూ మామూలుగానే విన్నాను.

నాటకం రోజున మధ్యాహ్నం ఎండుమిరపకాయలు దంచుదామని రోకలి తీశాను. కారాలు కొట్టుకునే రోజులు కదా. నాలుగు పోట్లు వేశానో లేదో, రోకలి అడుగున ఉండే ఇనప పొన్ను ఊడి రోట్లో పడింది. అది ప్రతి ఎండాకాలం ఉండేదే. కర్ర ఎండి సన్నబడిపోతుంది, పొన్ను జారిపోతుంది. రోకలిని కాసేపు నీళ్ళలో నానబెట్టి మళ్ళీ దంచుకుంటాం. పొన్ను చేత్తో తీసుకుని గోలెం దాకా నడిచాను. నీళ్ళలో రోకలి పెట్టాను. అప్పుడు తట్టింది.

వెండిరంగు. ఎండ. రెండు రోజులు.

 ఆ సమ్మెటని వాళ్ళెవరూ ముంచలేదు. ముంచరు కూడా. రంగు పూశాక అది వాళ్ళ కళ్ళకి సమ్మెట కాదు, కిరీటంలాగా, పెట్టుడు మీసంలాగా వేషం సామాను. పనిముట్టైతే మా అన్నయ్య నిద్రలో కూడా మర్చిపోడు. వేషం సామానుకి ఎవడు నీళ్ళు పెడతాడు?

రోట్లో కారం రోట్లోనే వదిలేసి, పైట బొడ్లో దోపుకుని పరిగెత్తాను. కడుపుతో ఉన్న మనిషిని, ఆ ఎండలో. దారంతా నా కళ్ళముందు ఆ కిరసనాయిలు డబ్బా కంతే. క్లబ్బుకి చేరేసరికి జనం నిండిపోయి ఉన్నారు. కరెంటు కోతలని పొద్దుండగానే నాటకం మొదలెట్టేశారు. వెనక గుమ్మం దగ్గరికి పోతే మా ఆయన మొహాన రంగు వేయించుకుంటున్నాడు. మా అన్నయ్య అప్పటికే స్టేజీమీద ఉన్నాడు, గొంతు వినపడుతోంది.

"మావా, సమ్మెట ఎండిపోయుంటాది. తల ఊడిపోద్ది. అన్నియ్యకి సెప్పు, ఒద్దని సెప్పు" అన్నాను రొప్పుతూ.

"పరీచ్చ సేసినాం గదే, లాగి కూడా సూసినాం. కడుపుతో ఉన్నోల్లకి అలాగే అనిపిత్తాదిలే. ఎల్లి కూకో, ముందు నీల్లు తాగు" అన్నాడు. అతని మొహం నిండా గులాబీరంగు పౌడరు. ఏం చెప్పినా ఆ మొహానికి ఎక్కలేదు. ఈలోగా అతనికి పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళ వరసలో కూలబడ్డాను. పక్కావిడ విసనకర్ర ఇచ్చింది. అది నా ఒళ్ళోనే ఉండిపోయింది. నాటకం ఏం జరిగిందో నాకు గుర్తులేదు. మా అన్నయ్య నడుముకి వేలాడుతున్న ఆ వెండిరంగు తలనే చూస్తూ కూర్చున్నాను.

ఆఖరి ఘట్టం వచ్చింది. మా ఆయన పడ్డాడు. మా అన్నయ్య ఒక కాలు ముందుకేసి, రెండు చేతులా సమ్మెట ఎత్తాడు. "నీ వంశం నేటితో..." అని అరిచాడు. నేను లేచి నిలబడ్డాను. 

మా అన్నయ్య మాట అక్కడే ఆగిపోయింది.

సమ్మెట నెత్తిమీద నిటారుగా ఉంది. దెబ్బ పడలేదు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు, ఆ రంగుల్లోంచి కూడా తెలుస్తోంది. తెర పక్కనుంచి మాట అందిస్తున్నారు, "నేటితో అంతం! నేటితో అంతం!" అని. అతనికి వినపడ్డం లేదు. జనంలోంచి ఎవడో ఈల వేశాడు. అప్పుడు మా అన్నయ్య వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. కర్రని ఏ పక్కకీ వాలనివ్వకుండా, నిండు బిందె దించుకుంటున్నట్టు మెల్లమెల్లగా కిందకి దించుకున్నాడు. జనం గొల్లుమన్నారు. "సేనాపతి మర్సిపోనాడ్రోయ్!" అని వెనకనుంచి కేకలు.

మా ఆయన లేచి కూర్చున్నాడు. లేస్తూనే, "డైలాగు కూడా గుర్తుండదేటి నీకు? ఎన్నిసార్లు సెప్పినానురా, దద్దమ్మా!" అని స్టేజీమీదే తిట్టాడు. బావమరిదిని అంతమందిలో "రా" అనడం నేను ఎప్పుడూ వినలేదు. జనం ఇంకా నవ్వారు. మా ఆయన పోయి సమ్మెట లాక్కున్నాడు. లాక్కున్నప్పుడు కర్రని పట్టుకోలేదు. అరచెయ్యి ఇనప తలమీద అదిమి పట్టుకున్నాడు. అలాగే అదిమి పట్టుకుని తెర వెనక్కి పోయాడు. నేను దబ్బుమని కూర్చుండిపోయాను. నాకు ఏడుపు రాలేదు, వాంతి వచ్చింది.

ఇంటికి ముగ్గురం నడిచే వచ్చాం. దారి పొడుగునా ఎదురైనవాళ్ళందరూ మా అన్నయ్యని ఆటపట్టిస్తూనే ఉన్నారు. మా ఆయన వాళ్ళతో కలిసి ఇంకా గట్టిగా ఆటపట్టించాడు. పెరట్లోకి వచ్చి తలుపు గడియపెట్టాక సమ్మెటని తిరగేశాడు, అంతే. లాగలేదు, విదిలించలేదు. తల దానంతటదే జారి దబ్బున నేలలో దిగబడింది. వట్టి కర్ర చేతిలో మిగిలింది.

మా అన్నయ్య అక్కడే మట్టిలో చతికిలబడిపోయాడు. "పైకెత్తీసరికి కదిలింది బావా. నా సేతికి తెలిసిపోనాది. కొంచెం వాలిత్తే నీ మొగం మీదే" అన్నాడు. 

"నాను కల్లు మూసుకోనేదు బావా. కింద్నించి కనపడతానే ఉంది" అన్నాడు మా ఆయన.  నన్ను మంచినీళ్ళు అడిగాడు. ఇస్తే సగం చొక్కామీదే పోసుకున్నాడు.

మా అన్నయ్య తలెత్తి, "మరి డైలాగు మర్సిపోనానని అంత పెద్దగా ఎందుకరిసినావు? నా డైలాగు నాకు గుర్తే ఉంది" అన్నాడు.

"మరేటనమంటావు బావా?" అన్నాడు మా ఆయన. "రేపు పొద్దున్న నువ్వు కొలిమికాడికి ఎల్లద్దా? సమ్మెటకి నీల్లెట్టడం మర్సిపోనాడని అనమంటావా?"

మా అన్నయ్య రెండు చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. మా ఆయన ఆ తలని మట్టిలోంచి తీసి, కర్రకి తొడిగి, తీసుకెళ్ళి గోలెంలో నానుతున్న నా రోకలి పక్కన నిలబెట్టాడు.

ఆ తర్వాత మా ఇళ్ళలో ఏ పెళ్ళయినా, ఏ పేరంటమైనా నలుగురు చేరితే చాలు, డైలాగు మర్చిపోయిన సేనాపతి కథ రావాల్సిందే. మొదలెట్టేది ప్రతిసారీ మా ఆయనే. మా అన్నయ్య అందరితో పాటు పగలబడి నవ్వేవాడు. నవ్వుతూ నవ్వుతూ, ఎవరూ చూడకుండా, పక్కనే కూర్చున్న మా ఆయన చెయ్యి పట్టుకునేవాడు.